నొక్కిన గాలి, పల్నాటి యెండ

వేసవిలో రేడియో వాతావరణవార్తలు వినెడివారికి రెంటచింతల పేరు క్రొత్త కాదు. గురజాల, మాచర్లల నడుమనున్న ఆ యూరు ఆంధ్రదేశమున మిక్కిలి వేడిగల చోట్లలో నొకటిగా తరచు వినబడుచుండును. వేసవి మధ్యాహ్నములందు అచ్చట 45 డిగ్రీలు దాటుట వింత కాదు. అట్టి యెండలో పిడుగురాళ్ల సున్నమునో, మాచర్ల సిమెంటునో నింపుకొని పోవు లారీకి గాలియే కఱవగును. గాలి కఱవు తీర్చుటకు పుట్టిన యంత్రము వేడిని తెచ్చిపెట్టుట, ఆ వేడికి విరుగుడు వెదకవలసివచ్చుట - టర్బో ఇంజను చరిత్రయంతయు నిదియే.

ఇంజనుకు బలము నూనెవలన వచ్చునని మనము తలంతుము. నూనెను ఎంతయైన పోయవచ్చును. దానిని కాల్చుటకు చాలినంత గాలిని సిలిండరులో కుక్కుటయే కష్టము. పొగగొట్టమువెంట వృథాగా పోవు వేడి వాయువులచే నొక చక్రమును త్రిప్పించి, అదే యిరుసు రెండవ కొననున్న మరొక చక్రముతో బయటిగాలిని నొక్కి ఇంజనులోనికి పంపవచ్చునని స్విట్జర్లాండువాడైన ఆల్ఫ్రెడ్ బ్యూకి తలపోసి 1905లో పేటెంటు పొందెను. ఆ తలపు సరిగా పనిచేయు యంత్రమగుటకు మరి యిరువదియేండ్లు పట్టినది.

ఈలోపల 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు ఒక లిబర్టీ విమానపు ఇంజనును కొలరాడోలోని పైక్స్ పీక్ అను కొండపైకి, 14,000 అడుగుల యెత్తునకు చేర్చెను. క్రింద 350 అశ్వశక్తి నిచ్చిన ఆ ఇంజను పైన 230కి దిగజారెను. టర్బోఛార్జరును తగిలింపగా 356 ఇచ్చెను. కొండపై గాలి పలుచన. మన యెండలోను గాలి పలుచనయే! సముద్రమట్టమున 15 డిగ్రీల గాలితో పోల్చినచో 45 డిగ్రీల గాలి ఇంచుమించు పదియవవంతు పలుచన. అనగా రెంటచింతల లారీ కదలకయే వేయి మీటర్ల కొండ యెక్కినదన్నమాట.

అయితే గాలిని నొక్కినచో వేడెక్కును. సైకిలుపంపు కొట్టినవారికెల్ల నిది తెలిసినదే. 45 డిగ్రీల గాలిని రెండింతల ఒత్తిడికి తెచ్చునప్పటికి అది సుమారు 140 డిగ్రీలకు పోవును. వేడెక్కిన గాలి వ్యాకోచించును గనుక, కుక్కిన లాభములో చాలభాగము కరగిపోవును. పెట్రోలు ఇంజనులో నింకొక ముప్పు: ఇంధనము వేళకు ముందే అంటుకొని పిస్టనును దెబ్బతీయును. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కారులో దీనికై నీరు, మిథనాలు కలిపిన ద్రవమును గాలితోపాటు చిమ్మిరి. ఉపాయము మంచిదే, కాని తొట్టి నిండుగా నుంచుట యజమానులకు గుర్తుండలేదు. 1963 తరువాత ఆ కారు రాలేదు. వాడువాని మఱపును లెక్కకు తీసికొనని యంత్రము ఎంత తెలివైనదైనను నిలువదు.

నిలిచినది ఇంటర్‌కూలరు. ఇంజనుకు రేడియేటరెట్లో, నొక్కిన గాలికి ఇంటర్‌కూలరట్లు: పలుచని లోహపు రెక్కల నడుమనుండి గాలిని నడపి చల్లార్చుట. యుద్ధవిమానములలో ముందే యున్న ఈ సాధనమును 1978లో పోర్షె 911 టర్బో కారు వెనుక రెక్క క్రింద అమర్చిరి. మనదేశమున దీని నెఱిగినవారిలో రైల్వేవారు ముందువారు. 1962లో అమెరికానుండి వచ్చి, తరువాత వారణాసిలో తయారైన 2600 అశ్వశక్తి డీసెలు ఇంజనులలో నొక్కిన గాలిని నీటితో చల్లార్చు ఏర్పాటు కలదు. 2000 తరువాత కాలుష్యనియమములు బిగిసినకొలది లారీలకును, పిదప చిన్నకార్లకును ఈ జంట సామాన్యమైనది.

బానెట్టు క్రింద స్థలము చిన్నది. ఒకవైపు ఎఱ్ఱగా కాలు టర్బో పొగచక్రము; దాని పొరుగుననే చల్లగాలి గొట్టము. కావున పొగగొట్టమునకు వేడినాపు పట్టీ చుట్టుట, నడుమ రేకు తెర నిలుపుట మొదటి పని. ఇంటర్‌కూలరును ఇంజను నెత్తిన పెట్టినచో గొట్టము పొట్టిదగును గాని, బండి రైలుగేటువద్ద ఆగినప్పుడు ఇంజను వేడియంతయు దానికే తగులును. ముందు జాలీవెనుక పెట్టుట మేలు. అక్కడను గాలి సులువైన దారి వెదకును; ఇంటర్‌కూలరు ప్రక్క సందులున్నచో రెక్కలలో దూరక వాటిగుండ పోవును. ఆ సందులు మూయు రబ్బరు పలకలను మరమ్మతులో తీసి మరల బిగింపక పాఱవేయుట మన షెడ్లలో తరచు జరుగుచున్నది. వేలు పోసి పెద్ద ఇంటర్‌కూలరు కొనుటకంటె ఆ పలకలను వెదకి బిగించుట లాభము. పెద్దదానిని పెట్టినచో వెనుకనున్న రేడియేటరుకు గాలి తగ్గును కూడ. వెనుకటి డ్రైవర్లు రేడియేటరు ముందు వ్రేలాడగట్టిన క్యాన్వాసు నీటిసంచి చేసినదదే: త్రాగునీరు చల్లన, ఇంజను వెచ్చన!

ఎంత చేసినను ఇంటర్‌కూలరు బయటిగాలికంటె చల్లగా చేయజాలదు. దీనికొక మినహాయింపు కలదు. 1990 దశాబ్దమున జపాను వారి సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ పందెపు రకములలో ఇంటర్‌కూలరుపై నీటితుంపర చల్లు ఏర్పాటుండెను. పొడియెండలో కుండనీరు చల్లబడునట్లే, తడి యారుచు రెక్కల వేడిని తీసికొనిపోవును. తేమగల తీరమునకంటె పల్నాటి వడగాలిలో నిది బాగుగా పనిచేయును. కాని సున్నపురాతి నేలలోని బావినీరు దీనికి పనికిరాదు. ఆరినచోటెల్ల తెల్లని పొర మిగిల్చి, దుమ్ముతో కలిసి కొన్నాళ్లలోనే రెక్కలను మూసివేయును.