గుర్రబ్బగ్గీ, వాల్వులు, సీసీఎన్ఏ

నెట్‌వర్క్ ఇంజనీరు కావాలంటే ఏం చెయ్యాలని ఊర్నుంచి తమ్ముడెవడైనా ఫోన్ చేసి అడిగితే మనం ఠక్కున చెప్పే జవాబు ఒకటే: అమీర్‌పేట వెళ్ళు, సీసీఎన్ఏ చెయ్యి. కోచింగ్ ఫీజు వాడిదే, పరీక్ష ఫీజూ వాడిదే, హాస్టల్ ఖర్చూ వాడిదే. తీరా ఇంటర్వ్యూకి వెళ్తే "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అంటారు. నిజం రౌటర్ మీద ఎవరూ చెయ్యి పెట్టనివ్వకపోతే ఎక్స్‌పీరియన్స్ ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? పని నేర్పే ఖర్చు, బాధ్యత ఎవరివన్న ఈ గొడవ రౌటర్లకన్నా నాలుగొందల ఏళ్ళు పాతది.

1563లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, ఇంగ్లండులో ఒక చట్టం చేశారు. చేతివృత్తి ఏదైనా చేసుకు బతకాలంటే కనీసం ఏడేళ్ళు అప్రెంటిస్‌గా ఉండాలి. కుర్రాడు యజమాని ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని పని నేర్చుకునేవాడు. చాలాసార్లు తండ్రే యజమానికి ఎదురు డబ్బిచ్చి పిల్లాణ్ణి అప్పగించేవాడు. ఆ లెక్కన అమీర్‌పేట ఫీజు కొత్తేం కాదు :) ఒక్క తేడా ఉంది. అక్కడ ఒప్పందం రెండు వైపులా కట్టేసేది. డబ్బు తీసుకున్నవాడు పని నేర్పి తీరాలి.

ఈ చట్టం మీద ఆడం స్మిత్ 1776లో గట్టిగానే విరుచుకుపడ్డాడు. గడియారాల తయారీ లాంటి పనులకి కూడా ఏళ్ళు అక్కర్లేదు, కొన్ని వారాల పాఠాలు చాలంటాడు. ఆయన చెప్పిన ఒక ఉదాహరణ నాకు భలే నచ్చింది. గుర్రబ్బగ్గీలు చేసేవాడు తన బగ్గీకి చక్రాలు తను చేసుకోకూడదు, చక్రాల వడ్రంగి దగ్గర కొనుక్కోవాలి. కానీ ఆ చక్రాల వడ్రంగి మాత్రం బగ్గీ మొత్తం చేసెయ్యొచ్చు! ఎందుకంటే 1563 నాటికి ఇంగ్లండులో బగ్గీల తయారీ అనే వృత్తే లేదు, కాబట్టి చట్టం దానికి వర్తించదని కోర్టులు తేల్చాయి. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లలో పుట్టిన కొత్త పనులన్నీ ఇలాగే తప్పించుకున్నాయి. చివరికి 1814లో ఆ ఏడేళ్ళ నిబంధనే ఎత్తేశారు.

ఎప్పుడూ ఇంతే. చట్టం పాత పనుల జాబితా రాస్తుంది, కొత్త పని దాని బయట పుడుతుంది. మన 1961 అప్రెంటిస్ చట్టం కూడా ప్రభుత్వం పేరు పెట్టి ప్రకటించిన ట్రేడులతోనే మొదలైంది. ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్లని, డిప్లొమా వాళ్ళని 1973లో చేర్చారు. కంపెనీలే సొంతంగా ట్రేడ్ నిర్ణయించుకునే వెసులుబాటు 2014 సవరణతో గానీ రాలేదు. ఈలోగా సిస్కో వాళ్ళు 1993లో సీసీఐఈ, 1998లో సీసీఎన్ఏ తెచ్చారు. పరికరాలు అమ్మేవాడే పరీక్షా పెట్టాడు. రాసేవాడు ఫీజు కట్టాడు. నేర్పే బాధ్యత మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.

అప్రెంటిస్ అనగానే "ఐటీఐ వాళ్ళ వ్యవహారం" అని మనలో చాలామందికి చిన్నచూపు. వాళ్ళకోసం టామీ ఫ్లవర్స్ గురించి చెప్పాలి. 1905లో లండన్‌లో పుట్టాడు, తండ్రి తాపీమేస్త్రి. వూలిచ్‌లోని ఆయుధ కర్మాగారంలో మెకానికల్ అప్రెంటిస్‌గా చేరి, సాయంత్రం క్లాసులకి వెళ్ళి లండన్ యూనివర్సిటీ ఎలక్ట్రికల్ డిగ్రీ తెచ్చుకున్నాడు. 1926లో పోస్టాఫీసు టెలిఫోన్ విభాగంలో చేరాడు. ఎక్స్ఛేంజీల్లో స్విచ్చింగ్‌కి వాల్వులు వాడటం మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు.

యుద్ధకాలంలో జర్మన్ల లోరెంజ్ సంకేతాలు ఛేదించడానికి సుమారు 1,600 వాల్వులతో యంత్రం కడతానన్నాడు. అన్ని వాల్వులుంటే ఏదో ఒకటి పోతూనే ఉంటుంది, నడవదన్నారు పెద్దలు. ఫ్లవర్స్‌కి ఎక్స్ఛేంజీ అనుభవం వల్ల తెలిసిన సంగతి వేరు: వాల్వు చెడిపోయేది ఎక్కువగా ఆన్, ఆఫ్ చేసేటప్పుడు. ఆపకుండా వెలిగించి ఉంచితే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అదే కొలాసస్. 1944 ఫిబ్రవరికల్లా బ్లెచ్లీ పార్క్‌లో పనిలోకి దిగింది. ఆయన డిగ్రీ చదివాడు నిజమే, కానీ ఈ ముక్క మాత్రం నడుస్తున్న పరికరాల పక్కన నిలబడి నేర్చుకున్నదే.

బ్రిటన్ 2017 ఏప్రిల్‌లో ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకి ఒక జవాబు రాసుకుంది. ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన యజమానుల మీద 0.5 శాతం అప్రెంటిస్ లెవీ వేసింది. ఇంగ్లండులో ఆ డబ్బుతో శిక్షణ ఇప్పించదగ్గ పనుల్లో నెట్‌వర్క్ ఇంజనీరు కూడా ఉంది. కుర్రాడు జీతం తీసుకుంటూనే నేర్చుకుంటాడు, ఫీజు కట్టడు. లెవీ వచ్చిన కొత్తలో పని గంటల్లో ఐదోవంతు చదువుకే కేటాయించాలన్నారు. చాలా కంపెనీలు ఆ డబ్బుని ఎప్పట్నుంచో ఉన్న ఉద్యోగుల కోర్సులకి మళ్ళించాయన్న విమర్శా ఉందనుకోండి.

మన దగ్గర 2019 నిబంధనల ప్రకారం 30 మందీ, ఆ పైనా ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లని తీసుకోవాలి. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు. మీ ఆఫీసులో ఉంటే ఏ ఫ్లోర్‌లో కూర్చోబెట్టారో, వాళ్ళ చేతికి స్విచ్ కన్సోల్ ఇచ్చారో, ఎక్సెల్ షీటే ఇచ్చారో ఓసారి చూడండి.