లంబాడీ నగలు (నల్లగొండ ప్రాంతం)

గవ్వ, వెండి, దంతం, అద్దం కలిపి లంబాడీ స్త్రీలు పెట్టుకునే ఆభరణాలను లంబాడీ నగలు అంటారు. హైదరాబాదు–విజయవాడ రహదారి మీది కట్టంగూర్ నుంచి దక్షిణానికి పోయేకొద్దీ తండాలు ఎక్కువవుతాయి. దేవరకొండ, చందంపేట, అటు పాలమూరు తండాలు ఈ నగలకు పుట్టిళ్లు.

ఈ నేలకు సముద్రపు గుల్ల కొత్తది కాదు. పూర్వపు నల్లగొండ జిల్లా, నేటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఆ తవ్వకాల్లోనే పూసలు, శంఖపు గాజుల ముక్కలూ బయటపడ్డాయి. శంఖాన్ని రంపంతో అడ్డంగా కోసి, అంచులు నూరితే గాజు అవుతుంది. కడలికి ఇంత దూరాన ఆ గాజు తొడిగిన చెయ్యి ఉందంటే, దాన్ని ఇక్కడికి మోసుకొచ్చిన వర్తకుడూ ఉన్నట్టే.

లంబాడీలు అలాంటి వర్తకులే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగారు. 17వ శతాబ్దంలో దక్కనుకు వచ్చిన మొగలు సేనలకు తిండిగింజలు చేరవేశారు. నిలకడైన ఇల్లు లేని బతుకులో ఇంటి సొమ్మంతా ఆడవాళ్ల ఒంటిమీదే ఉండేది. గవ్వ అప్పుడు నిజంగానే డబ్బు. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చి సంతల్లో చెల్లేది. 19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు రావడంతో ఎద్దుల బిడార్లు ఆగిపోయాయి, గవ్వలకు చెల్లుబాటూ పోయింది. అయినా అవి కాంచళి (రవికె) మీద, నీళ్లబిందె కింది చుట్టకుదురు మీద నిలిచిపోయాయి.

గవ్వను కుట్టే తీరు చూడదగ్గది. వీపు మీది బుడిపెను కొట్టి, నూరి చదును చేస్తారు. అక్కడ రంధ్రం పడుతుంది. పళ్లున్న నోరు పైకి వచ్చేలా బట్ట మీద పరిచి, నోటి సందులోంచి దారం దింపి బిగిస్తారు. గవ్వ కదలదు, నేలకు ఒరుసుకున్నా ఊడదు. ఈ కుట్టుపని తండా స్త్రీలది; వెండి మీద చెక్కుడు పని ఔసలిది. పెట్టుకునే నగలు ఇవి: కణతల దగ్గర జుట్టుకు కట్టే గోపురం లాంటి టోప్లి, దానికి వేలాడే ఘూగ్రి మువ్వలు, మెడకు హాంస్లి, ముక్కుకు భూరియా, ముంజేతికి బలియా, దండచేతికి చూడో. ఘూగ్రి, చూడో ముత్తయిదువ గుర్తులు.

వెండి ధర పెరిగాక జర్మన్ సిల్వర్ వచ్చింది. పేరే తప్ప అందులో వెండి లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారానికి నిషేధం పడింది. ఏనుగులకు అది మేలే. అయితే దంతపు గాజుల స్థానాన్ని చివరికి ప్లాస్టిక్ ఆక్రమించింది. ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్క పూసి గాజులు చేస్తారు. 2017లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అలాంటి కర్ర గాజు తండాలకు చేరి ఉంటే ఎంత బాగుండేది!

నేడు పడుచువాళ్లు చీర కడుతున్నారు. పూర్తి నగలు తీజ్ పండుగకు, లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి, పెళ్లిళ్లకు బయటికి వస్తాయి. పాత కాంచళి ముక్కలు మాత్రం గోవా సంతల్లో సంచులుగా, దిండు గలీబులుగా అమ్ముడవుతున్నాయి, గవ్వలతో సహా.