డిమెన్షియా వృద్ధుల సంరక్షణ గృహాలు (గుడివాడ, దిగువ కృష్ణా డెల్టా)

డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ళను తమ దగ్గరే ఉంచుకుని, రాత్రింబవళ్ళు కనిపెట్టి చూసుకునే సంస్థలను డిమెన్షియా సంరక్షణ గృహాలు అంటారు. పైకి ఇవి వృద్ధాశ్రమాల్లాగే కనిపిస్తాయి కానీ పని వేరు. వృద్ధాశ్రమంలో ఉన్న మనిషి ఆకలేస్తే అడుగుతాడు, నొప్పి పుడితే చెబుతాడు, కూర బాగోలేకపోతే దెబ్బలాడతాడు, పట్టలేనంత కోపం వస్తే కొడుక్కి ఫోన్ చేస్తాడు. డిమెన్షియా ముదిరిన మనిషికి ఇవేవీ చేతకావు. తనకేం జరిగిందో సాయంత్రానికి గుర్తుండదు. అందుకని ఈ గృహం మంచిచెడ్డలు అక్కడ పనిచేసేవాళ్ళ మనసు మీద, వాళ్ళ సంఖ్య మీద, బయటినుంచి వచ్చి చూసేవాళ్ళ మీద ఆధారపడి ఉంటాయి.

డిమెన్షియా అంటే ఒకే జబ్బు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి పోల్చుకోవడం వంటి శక్తులు క్రమంగా తగ్గి రోజువారీ పనులు చేసుకోలేని స్థితి అది. నూటికి 60 నుంచి 70 మందిలో దానికి కారణం అల్జీమర్స్ వ్యాధి. పక్షవాతం తర్వాత, మెదడుకు రక్తం సరిగా అందనప్పుడు వచ్చే రకం మరొకటి. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువని కూడా ఆ అధ్యయనం తేల్చింది. సంరక్షణ గృహాలు మాత్రం పెద్ద నగరాల్లోనే పేరుకున్నాయి.

దేశంలో ఈ గృహాలు

అల్జీమర్స్ రోగుల కోసం మన దేశంలో మొదటి సంఘం 1992లో కేరళలో ఏర్పడింది. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే ఆ సంస్థకు తర్వాత హైదరాబాదులోనూ శాఖ వచ్చింది. బెంగళూరులో నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు 2010లో కస్తూరినగర్‌లో వృద్ధాప్య, అల్జీమర్స్ కేంద్రాన్ని తెరిచింది. కేరళ ప్రభుత్వం పైన చెప్పిన సొసైటీతో కలిసి 'స్మృతిపథం' అనే కార్యక్రమం చేపట్టింది. ప్రభుత్వం తనంత తానుగా ఈ బాధ్యతలో చెయ్యి పెట్టిన ఉదాహరణ కాబట్టి తెలుగు రాష్ట్రాలు గమనించవలసింది ఇదే.

తెలుగునాట ఈ జబ్బు మీద జరిగిన పనిలో బాగా పేరొచ్చింది హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన పరిశోధన. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు ఒక్క భాషే మాట్లాడేవాళ్ళకంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడుతోందని 2013లో ప్రచురించారు. చదువురానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది.

గుడివాడ పరిసరాల పరిస్థితి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కూడా కృష్ణా జిల్లాకు మచిలీపట్నమే ముఖ్యపట్టణంగా ఉంది. గుడివాడ, మచిలీపట్నం, ఉయ్యూరు దాని రెవెన్యూ డివిజన్లు. ఈ జిల్లాలో గుడ్లవల్లేరు, పామర్రు, మొవ్వ, పెదపారుపూడి వైపు ఊళ్ళలో రెండంతస్తుల ఇల్లు, ముందు కొబ్బరిచెట్లు, లోపల ఇద్దరే ముసలివాళ్ళు ఉండడం కొత్తేమీ కాదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇద్దరూ బతికున్నన్నాళ్ళు ఒకరి మరుపును ఇంకొకరు కప్పేస్తారు. ఆయన మాత్ర వేసుకున్నాడో లేదో ఆవిడ చూస్తుంది. ఆవిడ పొయ్యిమీద పెట్టి మర్చిపోయిన పాలు ఆయన దించుతాడు. ఒకరు పోగానే రెండోవారి జబ్బు ఒక్కసారి బయటపడుతుంది. చుట్టాలు దాన్ని దిగులనుకుంటారు. వీడియో కాల్‌లో పిల్లలకూ తెలియదు. "భోంచేశావా నాన్నా?" అంటే "ఆఁ, చేశానురా, మీరంతా బాగున్నారా?" అని నిండుగా జవాబొస్తుంది. మర్యాదకు మాట్లాడే మాటలు ఈ జబ్బులో చాలాకాలం చెక్కుచెదరవు.

పేద ఇళ్ళ సంగతి వేరు. నాగాయలంక, కోడూరు, బందరు తీరపు ఊళ్ళలో ఇంటిల్లిపాదీ పనికి వెళితే తప్ప గడవదు. పెద్దామెను గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసి వెళ్ళడం నిర్దయతో చేసే పని కాదు. వదిలేస్తే కాలవలో పడుతుందన్న భయంతో చేసేది. ఆ భయం ఉత్తిది కూడా కాదు. డెల్టాలో ఏ ఊరు చూసినా పక్కనే పంటకాలవ, మురుగుకాలవ, చేపల చెరువు ఉంటాయి. గుడివాడ రైల్వే జంక్షన్, పట్టాలు ఊరి మధ్యలోనే. బయటికి నడిచి వెళ్ళిపోవడం డిమెన్షియాలో మామూలు లక్షణం కనుక మెట్ట ప్రాంతంలో కంటే ఇక్కడ దాని ప్రమాదం ఎక్కువ.

ఇలాంటి కుటుంబం ముందున్న దారులు కొన్నే: విజయవాడలో నరాల డాక్టరుకు చూపించి మందులు తెచ్చుకోవడం, ఇంట్లో ఆయాను పెట్టుకోవడం, దగ్గర్లోని మామూలు వృద్ధాశ్రమంలో చేర్చడం, డబ్బుంటే హైదరాబాదులో ప్రత్యేక గృహానికి పంపడం. చివరిది అన్నిటికంటే మంచిదన్న అభిప్రాయం డబ్బున్న ఇళ్ళలో బలంగా ఉంది. కానీ దానికో నష్టం ఉంది. డిమెన్షియాలో నిన్నటి సంగతులు ముందు చెరిగిపోతాయి, చిన్ననాటివి ఆఖరున పోతాయి. తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, తల్లి భాష మిగులుతుంది. మొవ్వలో పుట్టి మొవ్వలో ముసలైన మనిషికి ఆఖరుదాకా మిగిలేవి ఆ ఊరి మాట, ఆ వాడుక తిండి, గేదెలు, చేలు, తిరునాళ్ళు. వాటిని పోల్చుకోలేని, తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన అటెండరు చేతుల్లో ఆ మిగిలినది ఎవరికీ పనికిరాకుండా పోతుంది. గుడివాడ లాంటి ఊళ్ళలోనే చిన్నచిన్న గృహాలు ఉండాలనడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

గృహం లోపల

చేర్చుకునే ముందు చూడవలసిన సంగతి ఒకటుంది. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు జబ్బు, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టడం వంటివి డిమెన్షియాలాగే కనిపిస్తాయి, వైద్యంతో చాలావరకు తగ్గుతాయి. రక్తపరీక్షలు, తల స్కానింగ్ లేకుండా "వయసు మీద పడింది" అని చేర్చేసుకునే చోటు నమ్మదగ్గది కాదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తేలికపరుస్తాయి. జబ్బును ఆపవు.

కట్టడం విషయానికొస్తే, మెరిసే టైల్సు ఈ రోగులకు నీళ్ళలా కనిపించవచ్చు. అడుగు వెయ్యడానికి భయపడతారు, లేదా దాటబోయి పడతారు. గుమ్మం దగ్గర నల్లటి పట్టా గొయ్యిలా తోస్తుంది. మరుగుదొడ్డి తలుపుకు మిగతా తలుపులకు లేని రంగు వేస్తే వెతుక్కోగలుగుతారు. అద్దంలో తమ ముఖం చూసి ఎవరో పరాయివాళ్ళు గదిలో ఉన్నారని అరిచేవాళ్ళు ఉంటారు కాబట్టి అద్దాలకు తెర కడతారు. స్నానం దగ్గరే గొడవలు ఎక్కువ. జీవితమంతా బకెట్లో నీళ్ళు తోడుకుని చెంబుతో పోసుకున్న మనిషి తల మీద షవరు తిప్పితే బెదిరిపోతుంది. చెంబు ఆమె చేతికే ఇచ్చి, వీపు మాత్రం తోమితే చాలాసార్లు గొడవే ఉండదు.

సాయంత్రం నాలుగైదు గంటలకు చాలామందిలో ఆందోళన పెరుగుతుంది. గది గదికీ తిరుగుతారు, గేటు లాగుతారు, ఇంటికి పోవాలంటారు. అనుభవం లేని ఆయా "ఇదే మీ ఇల్లు, కూర్చోండి" అని వాదిస్తుంది, గొడవ ముదురుతుంది. అనుభవం ఉన్న ఆయా వాదనకు దిగదు. గేదెకు పాలు తియ్యాలి, దూడ అరుస్తోందని లేచిన పెద్దావిడతో, "ఎన్ని లీటర్లిస్తదండి మామ్మగారూ మీ గేదె?" అంటుంది. లీటర్ల లెక్క, వెన్న లెక్క, ఏ కేంద్రానికి పోశారో ఆ కబుర్లలో పడి ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చుంటుంది. ఇది ఆమెను మోసం చెయ్యడం కాదు. ఆమె మనసు ఉన్న చోటికి తాను వెళ్ళడం. బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్ 1997లో రాసిన పుస్తకం 'మనిషిని మధ్యలో పెట్టుకున్న సంరక్షణ' అనే పేరుతో ఈ పద్ధతికే సిద్ధాంతం కట్టింది.

చేతికి పని ఇవ్వడం కూడా వైద్యంలో భాగమే. బియ్యం ఏరడం, చిక్కుడుకాయలు వలవడం, వత్తులు చెయ్యడం, పూలు గుచ్చడం మాట పోయినవాళ్ళు కూడా చెయ్యగలరు. పాట మరీ ఆఖరున పోతుంది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల పద్యాలు, పాటలు ఈ తరం వృద్ధులకు కంఠతా వచ్చినవే. సొంత కొడుకు పేరు గుర్తురానివాళ్ళు కూడా పల్లవి అందుకుంటే చరణం దాకా వెళ్ళగలరు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన జ్ఞాపకం 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. వేలాది మందిని పొట్టనపెట్టుకున్న ఆ రాత్రిని చిన్నప్పుడో, నడివయసులోనో చూసినవాళ్ళే ఇప్పటి వృద్ధులు. నవంబరులో ఈదురుగాలి వీస్తే, కరెంటు పోతే, ఆ భయం నిన్నటిదిలా లేచే అవకాశం ఉంది. దివిసీమలో అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన మనిషి వానరాత్రి మంచం దిగి పిల్లల్ని వెతుకుతూ ఏడిస్తే దాన్ని పిచ్చి అనుకుని నిద్రమందు వెయ్యడం పెద్ద అన్యాయం. దీపం పెట్టి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చునే మనిషి ఆ రాత్రికి కావాలి.

మందుల సంగతి గట్టిగా చెప్పవలసి ఉంది. గొడవ చేసే రోగిని పడుకోబెట్టడానికి మానసిక వ్యాధుల మందులు వాడడం చాలాచోట్ల అలవాటు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందులు మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్తతరం మందుల మీద, 2008లో పాతతరం వాటి మీద అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఇవ్వాళ హఠాత్తుగా కలవరిస్తే ముందు చూడవలసింది మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం. రోహిణి కార్తె ఎండల్లో ఈ ఆఖరిది మరీ తరచు. దాహం వేస్తున్నట్టు వాళ్ళకు తెలియదు, గంట గంటకూ మజ్జిగో నీళ్ళో పట్టాలి. జబ్బు ముదిరాక మింగడం మర్చిపోతారు. అప్పుడు నిటారుగా కూర్చోబెట్టి మెత్తటి పెరుగన్నమో చిక్కటి జావో చిన్న చెంచాతో, ముందుది మింగారని చూసుకుని మాత్రమే రెండోది పెట్టాలి. ఒక మనిషికి తినిపించడానికి అరగంట పడుతుంది. ఇరవై మందికి ఇద్దరు ఆయాలుంటే ఆ అరగంట ఎక్కడినుంచి వస్తుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

చట్టం, ఆస్తి

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 19వ సెక్షను ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమం నెలకొల్పవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. పోషణ కేసులు వినేది ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్. కేంద్ర ప్రభుత్వ సమగ్ర వృద్ధుల కార్యక్రమం కింద డిమెన్షియా ఉన్నవాళ్ళను, మంచానపడ్డవాళ్ళను కనీసం 20 మందిని చూసుకునే గృహానికి గ్రాంటు ఇచ్చే వీలుంది. స్వచ్ఛంద సంస్థలు ఈ సంగతి గమనించాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలో జ్ఞాపకశక్తి, కాలస్థలాల స్పృహ తీవ్రంగా దెబ్బతినడాన్ని కూడా చేర్చింది. కనుక ఇలాంటివాళ్ళను చేర్చుకుని ఉంచే గృహాలు దాని పరిధిలోకి వస్తాయి. రోగిని మంచానికి కట్టడం మీద 97వ సెక్షను కఠినంగా ఉంది. అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి వేరే మార్గం లేనప్పుడు, మానసిక వైద్యుడి అనుమతితోనే కట్టాలి. మనుషులు చాలడం లేదన్నది సాకుగా చెల్లదు.

డెల్టాలో పొలం ఉన్న ఇళ్ళు ఎక్కువగా పొరబడేది జీపీఏ దగ్గర. తండ్రి రాసిచ్చిన జనరల్ పవరాఫ్ అటార్నీ ఉందిగదా అని నిశ్చింతగా ఉంటారు. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం అది అక్కడితో ఆగిపోతుంది. సరిగ్గా అవసరం పడే రోజుకే పనికిరాకుండా పోతుందన్నమాట. జబ్బు ముదిరాక వేయించిన వేలిముద్ర దస్తావేజు కోర్టులో నిలవడం కష్టం. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, పోషణ చట్టం 23వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. మాట ఇంకా తిన్నగా ఉన్న తొలిదశలోనే వీలునామా, బ్యాంకు ఖాతాలో జంట పేర్లు, ఏ వైద్యం కావాలి ఏది వద్దు అన్న ముందస్తు పత్రం, తన తరఫున నిర్ణయించే ప్రతినిధి పేరు పూర్తి చేసుకోవాలి. చివరి రెండింటికీ 2017 చట్టంలోనే చోటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. ఇరవైనాలుగు గంటల సంరక్షణకు అది ఏ మూలకూ రాదు. వృద్ధుల సమస్యలకు 14567, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లు ఉచితంగా పనిచేస్తాయి. గృహాన్ని ఎంచుకునే కుటుంబం పగలు యజమాని పక్కన ఉండి చూపించినప్పుడు కాక, రాత్రి భోజనాల వేళ చెప్పకుండా వెళ్ళి చూడడం మంచిది. ఎవరు తినిపిస్తున్నారు, ఎంతసేపు, పేరు పెట్టి పిలుస్తున్నారా, రాత్రికి ఎంతమంది మిగులుతారు, మంచాలకు గుడ్డపేలికలు కట్టి ఉన్నాయా అన్నవి ఆ గంటలోనే తేలిపోతాయి.