తూటా లోపలి లెక్క

అమెరికాలో తుపాకి సాధన చేసేవాళ్లలో చాలామంది పేల్చిన తూటాల ఇత్తడి కేసుల్ని పారేయరు. ఏరుకొచ్చి, కొత్త ప్రైమరు బిగించి, తుపాకిమందు పోసి, గుండు కూర్చి మళ్లీ వాడతారు. రీలోడింగ్ అంటారు దీన్ని. ఖర్చు కలిసొస్తుంది. మందు ఎక్కువైతే మాత్రం తుపాకి చేతిలోనే పగలొచ్చు. ఎంత పోస్తే లోపల ఎంత ఒత్తిడి పుడుతుందో ముందే అంచనా వేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. వాటికి మూలపురుషుడని నేననుకునే మనిషి మన తూర్పు తీరంలోనే కన్నుమూశాడు.

ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. 1707లో ఇంగ్లండులోని బాత్‌లో పుట్టిన గణితవేత్త. మందు అంటుకోగానే పుట్టే వాయువు ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లుంటుందని అంచనా కట్టి, ఆ బలానికి గుండు ఎంత వేగంతో రావాలో లెక్క వేశాడు. లెక్కను నమ్మి ఊరుకోలేదు. ఇనుప పలకకు చెక్క బిగించి లోలకంలా వేలాడదీసి, దానిమీద కాల్చాడు. గుండు చెక్కలో దిగబడగానే లోలకం వెనక్కి ఊగేది. దానికి కట్టిన రిబ్బను ఎంత బయటికొచ్చిందో కొలిస్తే ఊపు తెలిసేది, ఊపును బట్టి వేగం తెలిసేది. మస్కెట్ గుండు వేగం సెకనుకు సుమారు 1,700 అడుగులని తేలింది. ఇదంతా 1742లో పుస్తకంగా వస్తే, ఆయిలర్ అంతటి గణితవేత్త 1745లో దాన్ని జర్మన్‌లోకి మార్చి వ్యాఖ్యానం రాశాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటల పనిమీద ఇటు వచ్చిన రాబిన్స్, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

ఆయన ఒకచోట పొరబడ్డాడు. మందంతా ఒక్క క్షణంలో కాలిపోతుందనుకున్నాడు. నిజానికి గుండు కదులుతుండగా కూడా అది కాలుతూనే ఉంటుంది. అందుకే లోపలి ఒత్తిడిని నేరుగా కొలవాల్సొచ్చింది. 19వ శతాబ్దంలో ఆండ్రూ నోబుల్ చిన్న రాగి ముక్కను వాడాడు. పేలుడు దెబ్బకు అది నలిగి ఎంత పొట్టిదైందో కొలిస్తే ఒత్తిడి తెలుస్తుంది. పాత రీలోడింగ్ పట్టికల్లో ఈ రాగి కొలతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ పొగలేని మందు కనిపెట్టడంతో ప్రమాదం తీరు మారింది. .38 స్పెషల్ రివాల్వరు తూటానే చూడండి. నల్లమందు కోసం తయారైన కేసు అది, నల్లమందైతే నిండుగా పోయాల్సిందే. పొగలేని మందు నాలుగైదు గ్రెయిన్లు చాలు, అంటే గ్రాములో దాదాపు మూడోవంతు. మిగతాదంతా ఖాళీ. పొరపాటున రెండుసార్లు పోసినా కేసు పొర్లదు. ఈ తప్పును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. ప్రతి కేసులోకీ లైటు వేసి చూసుకోవాల్సిందే.

ఇంట్లో రీలోడింగ్ చేసుకునేవాళ్లకు ఈ లెక్కలు అందినది 1960లలో. హోమర్ పౌలీ అనే అమెరికన్ రైఫిల్ తూటాల కోసం జరిపి చూసుకునే స్లైడ్ రూలు తయారుచేశాడు. తర్వాత జర్మనీకి చెందిన హార్ట్‌ముట్ బ్రోమెల్ క్విక్‌లోడ్ అనే సాఫ్ట్‌వేరు రాశాడు. దానికి ఇవ్వాల్సిన వివరాల్లో ముఖ్యమైనది కేసు లోపలి చోటు. పేల్చిన కేసును ఖాళీగా ఒకసారి, నీళ్లు నింపి ఒకసారి తూస్తారు. తేడాయే ఆ చోటు.

పిస్తోలు తూటాల్లో ఈ చోటు మరీ తక్కువ. 9 ఎం.ఎం. తూటాకు అమెరికా పరిశ్రమ పెట్టుకున్న హద్దు చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, గాలి ఒత్తిడికి దాదాపు 2,400 రెట్లు. అంత చిన్న కేసులో గుండు కాస్త ఎక్కువ లోతుకు దిగినా చోటు తగ్గి ఒత్తిడి ఎగబాకుతుంది. అందుకే తెలిసినవాళ్లు తెరమీది అంకెను మందు కంపెనీ అచ్చువేసిన పట్టికతో పోల్చి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, క్రోనోగ్రాఫ్ ముందు కాల్చి వేగం చూస్తారు. సాఫ్ట్‌వేరు చెప్పినదానికన్నా గుండు వేగంగా పోతే లోపలి ఒత్తిడి కూడా లెక్క దాటి ఉండొచ్చు. అప్పుడు మోతాదు పెంచకుండా అక్కడే ఆపి, రాబిన్స్ రిబ్బను కొలుచుకున్నట్టే కొలతలన్నీ మళ్లీ మొదటినుంచి చూసుకుంటారు.