వాము ఘాటు వెనక వందల ఏళ్ల కథ

1914 ఆగస్టులో ఐరోపాలో మహాయుద్ధం మొదలైంది. బ్రిటన్‌కూ జర్మనీకీ మధ్య వర్తకం ఆగిపోయింది. దాంతో కొరత పడిన మందుల్లో థైమాల్ ఒకటి. పుండ్లు కడగడానికి, గొంతు పుక్కిలించడానికి, పేగుల్లోని కొంకిపురుగుల్ని పడగొట్టడానికి ఆనాటి డాక్టర్లు నమ్ముకున్న తెల్లటి పలుకుల మందు అది. తయారీలో జర్మనీది పెద్దచెయ్యి. ముడిసరుకు మాత్రం మన దేశం నుంచి ఓడల్లో వెళ్లేది. ఆ ముడిసరుకు వాము. జంతికల పిండిలో చిటికెడు నలిపి వేసే వాము.

జలుబు చేసినా, ఛాతీ పట్టేసినా తెలుగిళ్లలో పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఈ గింజే. ఆ నమ్మకంలో నిజం ఎంత ఉందో తేల్చాలంటే కర్నూలు నల్లరేగడి చేల నుంచి బెర్లిన్ మందుల కొట్టు దాకా, అక్కడి నుంచి హైదరాబాద్ అంబర్‌పేట దాకా ఒకసారి తిరిగి రావాలి.

రెండు మొక్కలు, ఒకటే ఘాటు

మధ్యధరా సముద్రతీరాల్లో థైమ్ అనే చిన్న పొద పెరుగుతుంది. అక్కడివాళ్లు దాని ఆకును మాంసంలో, పులుసుల్లో వేసుకుంటారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ మూలికల గురించి రాసిన గ్రంథంలో, ఈ జాతి మొక్కను తేనెతో కలిపి ఆయాసానికి, కఫానికి వాడాలని చెప్పాడు. మన ఆయుర్వేదం వామును యవానీ అంటుంది. 16వ శతాబ్దపు భావప్రకాశంలోనూ అది ఉంది. వాతాన్నీ కఫాన్నీ తగ్గించే దినుసుగా వైద్యులు దాన్ని లెక్కించారు.

థైమ్‌ది తులసి, పుదీనాల కుటుంబం. వాముది ధనియాలు, జీలకర్రల కుటుంబం. రెండింటికీ చుట్టరికం లేదు. అయినా వాసన చూస్తే దగ్గరదగ్గరగా ఉంటాయి. కారణం రెండింటి తైలంలోనూ ఉన్న థైమాల్. 1719లో బెర్లిన్ ఔషధశాస్త్రవేత్త కాస్పర్ నాయ్‌మన్ దాన్ని థైమ్ నూనె నుంచి వేరు చేశాడు. 1853లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లాలెమాండ్ దానికి ఆ పేరు పెట్టాడు.

అప్పటికే దక్కన్, మధ్యభారతం బజార్లలో ఆ పదార్థం అమ్ముడవుతూ ఉంది. వామును నీటి ఆవిరితో బట్టీ పెట్టి తీసిన నూనె చల్లారితే తెల్లటి పలుకులు కడతాయి. హిందుస్తానీలో దాన్ని అజ్వాయిన్ కా ఫూల్ అన్నారు, మనవాళ్లు వాము పువ్వు అంటారు. 1850ల్లో రసాయన శాస్త్రవేత్తలు పరీక్షించి, ఈ పువ్వూ థైమ్‌లోని థైమాలూ ఒకటేనని తేల్చారు. పైగా థైమ్ ఆకు కంటే వాము గింజలోనే అది దండిగా దొరుకుతుంది. క్వింటాలు వాము నుంచి రెండు నుంచి నాలుగు కిలోల నూనె వస్తే, అందులో దాదాపు సగం థైమాలే.

గింజ ఇక్కడిది, లాభం అక్కడిది

ఈ లెక్క జర్మన్ పరిశ్రమకు బాగా అర్థమైంది. లైప్‌జిగ్ ప్రాంతపు సుగంధ తైలాల కంపెనీ షిమ్మెల్ వంటి సంస్థలు మన వామును కొని, థైమాల్ తీసి ప్రపంచానికి అమ్మాయి. గిరాకీ పెరగడానికి దగ్గు ఒక్కటే కారణం కాదు. 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగుల మీద రాక్‌ఫెల్లర్ కమిషన్ మొదలుపెట్టిన పోరులో ప్రధాన మందు థైమాలే. నోరు పుక్కిలించే లిస్టరిన్‌లో అది 1879 నుంచీ ఉంది. ఛాతీకి రాసుకునే విక్స్ వేపోరబ్‌లోనూ చేరింది. కోరింత దగ్గుకు టీకా లేని ఆ రోజుల్లో బెర్లిన్‌లో తయారైన పెర్టుసిన్ అనే థైమ్ పానకాన్ని తల్లులు పిల్లలకు చెంచాలతో పట్టించేవారు. ఆ దగ్గు అప్పట్లో పసిపిల్లల ప్రాణాలు తీసేది. చేతిలో ఉన్న కొద్దిపాటి ఉపశమనాల్లో ఆ పానకం ఒకటి.

యుద్ధంతో జర్మనీ దారి మూసుకుపోయాకే వామును ఇక్కడే బట్టీ పెట్టి థైమాల్ తీయాలన్న ఆలోచన మన దేశంలో ఊపందుకుంది. ఆ పరిశ్రమ నిలదొక్కుకోలేదు. మెటా క్రెసాల్ అనే రసాయనం నుంచి థైమాల్‌ను చవగ్గా తయారుచేసే పద్ధతి రావడంతో వాము నూనెకు గిరాకీ పడిపోయింది. గింజ మళ్లీ వంటింటికే పరిమితమైంది. మన నేల పంట మీద వచ్చే అసలు లాభం పరదేశానికి పోవడం, మనం మేలుకునేసరికి కాలం దాటిపోవడం వలస పాలనలో పదే పదే జరిగిన అన్యాయం. వాము కథలోనూ అదే జరిగింది.

అంబర్‌పేట ఎర్రసీసా

థైమాల్‌ను మనవాళ్లు సొంతంగా మందుగా మలచుకున్న కథ హైదరాబాద్‌లో ఉంది. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ అనే యునానీ మందును తయారుచేశారు. అందులో ఎక్కువ పాలు నీలగిరి తైలం. దానికి కర్పూరం, మెంథాల్, థైమాల్ తోడయ్యాయి. ఎర్రరంగు రతన్‌జోత్ వేరుది. అంబర్‌పేటలోని కార్ఖానా నుంచి ఆ చిన్న సీసా తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల ఇళ్లలోకి వెళ్లింది. జలుబు చేస్తే మరిగే నీళ్లలో రెండు మూడు చుక్కలు వేసి ఆవిరి పట్టడం ఆ ఇళ్లలో ఇప్పటికీ ఉంది.

ఇలాంటి మందులన్నిటి వెనకా పాతకాలపు ఆయుర్వేద అంగళ్లలో అందరికీ తెలిసిన ఒక విచిత్రం ఉంది. వాము పువ్వు, కర్పూరం, పిప్పర్మెంటు పువ్వు (మెంథాల్) మూడూ గట్టి పలుకులే. మూడూ సమపాళ్లలో గాజు సీసాలో వేసి మూత బిగించి కదిపితే, పొయ్యి మీద పెట్టకుండానే కాసేపటికి పలుకుల అంచులు తడిసి, అంతా కరిగి నూనెలా మారిపోతుంది. ఒక్కోటి విడిగా కరగడానికి వేడి కావాలి. కలిస్తే మాత్రం ఆ కరిగే వేడిమి గది వేడిమి కంటే కిందికి దిగిపోతుంది. అమృతధార పేరుతో ఉత్తరాదిన ఇంటింటా తెలిసిన మందు ఈ మూడింటి కలయికే.

శాస్త్రం ఏం చెబుతోంది

థైమాల్ సూక్ష్మజీవుల్ని చంపుతుందన్నది ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు రుజువైంది. థైమ్ సారం శ్వాసనాళాల కండరాల బిగువును సడలిస్తుందనీ, కఫం పైకి జరిగే వేగాన్ని పెంచుతుందనీ జంతువుల మీద పరీక్షలు సూచించాయి. మూలికల మందుల్ని పరిశీలించే జర్మన్ ప్రభుత్వ నిపుణుల సంఘం కమిషన్ ఇ, బ్రాంకైటిస్‌కు, కోరింత దగ్గుకు థైమ్ వాడకాన్ని ఆమోదించింది. 2006లో జర్మనీలో 361 మంది బ్రాంకైటిస్ రోగుల మీద జరిగిన పరీక్షలో థైమ్, ఐవీ ఆకుల సిరప్ తాగినవారికి వారం తర్వాత దగ్గు తెరలు 68.7 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మందు తాగినవారికి 47.6 శాతం తగ్గాయి. ఇందులో రెండు సంగతులున్నాయి. సిరప్ మేలు చేసింది. సిరప్ తాగనివారికీ దగ్గు చాలావరకు దానంతటదే తగ్గింది.

వాము మీద ఇరాన్‌లోని మష్హద్ పరిశోధకులు ఉబ్బస రోగులతో చిన్న పరీక్ష చేసి 2007లో ప్రచురించారు. వాము కషాయంతో కొంతసేపు శ్వాసనాళాలు వదులయ్యాయి. అది ఆశ పుట్టించే ఫలితమే కానీ, అంత చిన్న పరీక్షను పట్టుకుని వాముతో ఉబ్బసం నయమవుతుందని చెప్పకూడదు.

కాబట్టి వామును దాని హద్దులో వాడుకుందాం. అరచెంచా వామును గ్లాసెడు నీళ్లలో సగం అయ్యేదాకా మరిగించి, గోరువెచ్చగా తాగడం మామూలు జలుబులో పెద్దలకు హాయినిస్తుంది. పెనం మీద దోరగా వేయించి పల్చటి నూలుగుడ్డలో మూట కట్టి వాసన చూస్తే ముక్కు తెరిపిగా అనిపిస్తుంది. కుండీలో పెంచుకునే వామాకుకూ ఇదే కోవ ఘాటు. అది బజ్జీల్లోకి, రసంలోకి బాగుంటుంది.

పసిబిడ్డ ముక్కు దగ్గర వేడి మూట పెట్టకండి, చర్మం కాలుతుంది. కర్పూరం, వాము పువ్వు కలిపిన మందుల్ని చిన్నపిల్లలకు పట్టకండి, రాయకండి. కర్పూరం కడుపులోకి వెళితే ఫిట్స్ వస్తాయి. దగ్గుకైనా సరే, ఏడాది నిండని పాపకు తేనె పెట్టకూడదు. గర్భిణులు కషాయాలు మొదలుపెట్టే ముందు డాక్టర్ను అడగాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు వాము కోసం ఇన్‌హేలర్ మానకూడదు. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించుకోవాలి. ఊపిరి అందకపోయినా, కఫంలో రక్తం కనిపించినా వాము డబ్బా వైపు చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

కర్నూలు జిల్లాలో రైతులు ఇప్పటికీ వాన మీద ఆధారపడి ఈ పంట వేస్తున్నారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తితే జనవరి, ఫిబ్రవరికల్లా కోతకొస్తుంది. కర్నూలు మార్కెట్ యార్డులో బస్తా మూతి విప్పితే వచ్చే ఘాటుకు వందేళ్ల కిందట జర్మన్ కంపెనీలు డబ్బు పెట్టాయి. వాము నూనెను ఇక్కడే తీసి, ఇక్కడే పరీక్షించి, ఫలానా మోతాదు ఫలానా దగ్గుకు పనిచేస్తుందని మన వైద్య కళాశాలలు తేల్చి చెప్పాలి. అప్పుడు మన పెద్దల మాటకు రుజువు దొరుకుతుంది, రైతు పంటకు తగిన విలువ దక్కుతుంది.