విజయపురి: నీటి అడుగున విద్యానగరం

ఐరోపాలోని ప్రాచీన విద్యానగరాలనగానే ఆక్స్‌ఫర్డ్ తలపునకు వస్తుంది. అక్కడ 1096 నాటికే బోధన సాగుతుండెనని చరిత్రకారులు చెబుతారు. అంతకు సుమారు ఎనిమిది వందల ఏండ్ల పూర్వమే మన పల్నాట, మాచర్ల సీమలో, కృష్ణ కుడిగట్టున ఒక విద్యానగరం వర్ధిల్లినది. అదే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మనమెరిగిన నాగార్జునకొండ లోయ.

జనశ్రుతి ఈ చోటును ఆచార్య నాగార్జునునితో ముడిపెట్టినది. శాసనాలు మాత్రం మరికొన్ని పేర్లను మన ముందుంచుతాయి. వానిలో స్త్రీల పేర్లే ఎక్కువగా కనబడటం విశేషం. మహాచైత్యాన్ని వీరపురుషదత్తుని ఆరవ రాజ్యవర్షంలో పూర్తి చేయించినది ఆయన మేనత్త చాంతిసిరి. బహుశ్రుతీయులకు విహారం కట్టించినది రాణి భట్టిదేవ. బోధిశ్రీ రాణి కాదు, ఒక సామాన్య ఉపాసిక. ఆమె తామ్రపర్ణి, అనగా సింహళ దేశపు ఆచార్యుల కొరకు చైత్యగృహం నిర్మింపజేసినది. ఆ ఆచార్యులు కాశ్మీర, గాంధార, చీనాది దేశాలలో ధర్మప్రచారం చేసినవారని ఆమె శాసనం చెబుతున్నది. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు పట్టాలిచ్చినది 1920లో. మన సీమలో మూడవ శతాబ్దినాడే స్త్రీలు విద్యకు నీడనిచ్చే ఇండ్లు కట్టించినారు.

ఈ శిథిలాలు 1926లో వెలుగు చూచినవి. లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాలు 1927 నుండి 1931 వరకు సాగినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన నాటికి లోయ మునక తప్పదని తేలిపోయినది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుండి 1960 వరకు లోయనంతా త్రవ్వి పరిశోధించినారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొన్నింటిని నేడు ద్వీపమైన కొండపైన, మరికొన్నింటిని అనుపులోను తిరిగి నిలిపినారు. మెట్ల వరుసల రంగస్థలం అనుపులోనే ఉన్నది. తక్కిన నగరం నీటి అడుగున ఉండిపోయినది.

ఆ నీటిని నిందించలేము. కుడికాలువ ద్వారా నరసరావుపేట పొలాలను తడిపేది అదే. మన కంచంలోని అన్నం అదే. కాని అన్నం పెట్టిన నీటి క్రింద ఏమున్నదో తెలియకపోవడం మాత్రం కృతఘ్నత. విహారయాత్రలో పిల్లలకు ఆనకట్ట గేట్లు ఇరవై ఆరని చెబుతాము. బోధిశ్రీ పేరు కూడా చెబుదాము.