హైడ్రాలిక్ ఆటోపైలట్

హైడ్రాలిక్ ఆటోపైలట్ మోటారు పడవ చుక్కానిని నూనె పీడనంతో తిప్పుతూ, నిర్ణయించిన దిశలోనే పడవను నడిపే స్వయంచాలక యంత్రాంగం. నికొలస్ మినోర్‌స్కీ 1922లో ప్రచురించిన నియంత్రణ సిద్ధాంతం దీనికి పునాది. మరుసటి ఏడాది అమెరికా యుద్ధనౌక 'న్యూమెక్సికో'పై దాన్ని పరీక్షించారు.

దిక్సూచి, కంప్యూటర్, చుక్కాని కోణాన్ని కొలిచే సెన్సర్, రెండు దిశల్లోనూ నూనెను నెట్టగల పంపు ఇందులోని ప్రధాన భాగాలు. పంపు ఎంపికలో పడవ పొడవుకన్నా, చుక్కానిని తిప్పే సిలిండర్ ఘనపరిమాణమే ముఖ్యం. 200 ఘన సెంటీమీటర్ల సిలిండర్ ఒక కొస నుంచి మరో కొసకు 12 సెకన్లలో చేరాలంటే పంపు నిమిషానికి 1 లీటరు నూనె అందించాలి. పంపు చిన్నదైతే చుక్కాని ఆలస్యంగా తిరిగి పడవ పాములా మెలికలు పోతుంది.

బిగింపులో పంపు నుంచి రెండు గొట్టాలను సిలిండర్ లైన్లకు, మూడోదాన్ని స్టీరింగు నూనె తొట్టికి కలుపుతారు. లైన్లలో గాలి మిగిలితే ఒత్తిడికి అదే నొక్కుకుపోయి చుక్కాని మందగిస్తుంది. అందుకే నూనె పోస్తూ, చక్రాన్ని రెండువైపులా చివరిదాకా తిప్పుతూ, బుడగలు ఆగేవరకు గాలి తీస్తారు. దిక్సూచిని ఇనుముకూ, స్పీకర్లకూ దూరంగా, ఊగుడు తక్కువగా ఉండే చోట అమరుస్తారు.

నిజాంసాగర్ వంటి జలాశయాల్లో తిరిగే చిన్న పడవలకు ఇది అక్కర్లేదు. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల నుంచి గంటల తరబడి సాగే సముద్రయానంలోనే దీని విలువ. ఎదురుపడే వలలనూ నాటుపడవలనూ ఇది గుర్తించలేదు కనుక, 1972 అంతర్జాతీయ నౌకా ఢీ నివారణ నిబంధనల 5వ నియమం ప్రకారం మనిషి కాపలా ఎల్లవేళలా తప్పనిసరి.